గెలిస్తే ఐక్యత, ఓడితే కోటా

క్లింట్ ఈస్ట్‌వుడ్ 2009లో తీసిన 'ఇన్‌విక్టస్' సినిమాని పొగడటానికి మన దగ్గర ఒక పద్ధతుంది. సినిమా అయిపోగానే ఎవరో ఒక పెద్దమనిషి లేస్తాడు. మండేలా ఇరవయ్యేడేళ్ళు జైల్లో ఉండొచ్చి కూడా పగ పెట్టుకోలేదనీ, తెల్లవాళ్ళ జట్టుని తన జట్టు చేసుకున్నాడనీ, మీరు మాత్రం ఇంకా పాతగాయాలే కెలుక్కుంటూ కూర్చున్నారనీ చెప్తాడు. 'మీరు' అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గేటు దాటినవాళ్ళం మేం. ఒక సెమినార్ హాల్లో ఈ మాట విన్నప్పుడు మాకు కోపం కన్నా అనుమానమే ఎక్కువ కలిగింది. ఒక జట్టు ఒక టోర్నమెంటు గెలిస్తే, ఆ దేశంలో కోట్లమంది మీద తరతరాలుగా జరిగిన అన్యాయానికి అది ముగింపు ఎట్లా అయింది? అయినట్టు మనల్ని నమ్మించటానికి సినిమా ఏం చూపించింది, ఏం దాచింది? ఆ జట్టు తర్వాత ఏమయ్యింది?

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. రగ్బీ కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో ఆడే ఆట. జట్టుకి పదిహేనుమంది. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు, ఎదుటివాణ్ణి పట్టి పడెయ్యొచ్చు, గాని చేత్తో విసిరేటప్పుడు పక్కకో వెనక్కో విసరాలి, ముందుకి విసరకూడదు. దక్షిణాఫ్రికా జట్టుకి స్ప్రింగ్‌బాక్ అని పేరు, అదొక రకం జింక. 1906లో ఇంగ్లండు టూరుకి పోయిన తెల్లవాళ్ళ జట్టు ఆ పేరు పెట్టుకుంది. అక్కణ్ణించి డెబ్బై అయిదేళ్ళ పాటు టెస్టు మ్యాచిలో ఆ చొక్కా నల్లవాడి ఒంటి మీద పడలేదు. 1981లో ఎరాల్ టోబయాస్ మొదటివాడు. (ఇక్కడ నల్లవాళ్ళంటే ఆఫ్రికన్లు మాత్రమే కాదు. వర్ణవివక్ష ప్రభుత్వం 'కలర్డ్' అనీ 'ఇండియన్' అనీ విడగొట్టిన వాళ్ళు కూడా ఆ దేశపు పోరాట భాషలో నల్లవాళ్ళే. టోబయాస్ని ఆ ప్రభుత్వం కలర్డ్ కింద రాసుకుంది.)

సినిమా కథ పెద్దదేం కాదు. 1994లో మండేలా ప్రెసిడెంటయ్యాడు. స్ప్రింగ్‌బాక్ జట్టు దిగజారి ఉంది, ఓటముల మీద ఓటములు. మరుసటేడు ప్రపంచకప్పు స్వదేశంలోనే. మండేలా ఆ జట్టు కెప్టెన్ ఫ్రాన్స్వా పినార్‌ని టీకి పిలుస్తాడు, నాయకత్వం గురించి మాట్లాడతాడు, ఒక ఇంగ్లీషు కవిత ఇస్తాడు. కెప్టెన్ మారతాడు, జట్టు మారుతుంది, జొహానెస్‌బర్గ్‌లో 1995 జూన్ 24న న్యూజిలాండ్ మీద 15-12తో గెలుస్తుంది. (నిజానికి మండేలా పినార్‌కి ఇచ్చింది ఆ కవిత కాదు, అమెరికా మాజీ ప్రెసిడెంటు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఉపన్యాసంలోంచి ఒక భాగం అంటారు. సినిమావాళ్ళు ఆ మాత్రం మార్చుకోవటం మీద మాకు పేచీ లేదు.)

మా పేచీ వేరే. సినిమా లెక్కలో ఆ జట్టుకున్న రోగం మనసుది. ఆత్మవిశ్వాసం లేదు, నాయకుడికి దిక్కు తోచటం లేదు, కొత్త జాతీయగీతం నేర్చుకోమంటే ఆటగాళ్ళు కాయితం నలిపి పారేస్తారు. రోగం మనసుదైతే మందు కూడా మనసుదే. ఒక మహానుభావుడు, ఒక కవిత, రాబెన్ ద్వీపంలో జైలు గది చూసిరావటం. అంతే. కాని పదిహేనుమందిలో పద్నాలుగుమంది తెల్లవాళ్ళు ఎట్లా అయ్యారు అన్న ప్రశ్న రెండుంబావు గంటల సినిమాలో ఒక్కసారి కూడా ఎవరూ అడగరు. మెరిట్ గురించి గొంతు చించుకునే మనుషులకి, పదిహేనుకి పద్నాలుగు అనేది ఏ లాటరీలోనూ రాదని తట్టదా?

మొదటి సీనులోనే సినిమా ఈ ప్రశ్నకి తలుపు మూసేస్తుంది. రోడ్డుకి ఒకవైపు పచ్చటి మైదానంలో తెల్ల పిల్లలు రగ్బీ ఆడుతుంటారు. రెండోవైపు దుమ్ములో నల్ల పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. మధ్యలోంచి, అప్పుడే జైలునుంచి విడుదలైన మండేలా కార్లు పోతాయి. చూడటానికి చాలా బాగుంటుంది. పచ్చిక ఎవరిది, దుమ్ము ఎవరిది అన్నంతవరకు నిజం కూడా. కాని దాంతోపాటు ఒక అబద్ధం మన నెత్తిన పెడుతుంది: రగ్బీ తెల్లవాడి ఆట, నల్లవాడిది ఫుట్‌బాల్ అని. ఒకసారి అది ఒప్పుకుంటే పద్నాలుగుమందీ తెల్లవాళ్ళే కావటంలో తప్పేం కనపడదు. వాళ్ళ ఆట వాళ్ళు ఆడుకుంటున్నారు, మనవాళ్ళకి ఇష్టం లేదు, అంతేగదా!

చరిత్ర అట్లా లేదు. తూర్పు కేప్‌లో నల్లవాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివరినించీ రగ్బీ ఆడుతున్నారు. మిషన్ స్కూళ్ళు ఆ ఆటని పల్లెలదాకా తీసుకుపోయాయి. పోర్ట్ ఎలిజబెత్‌లో 1887లోనే ఆఫ్రికన్ల రగ్బీ క్లబ్బు ఏర్పడింది. 1897కల్లా కలర్డ్ రగ్బీ బోర్డు ఉంది, దాని కింద పోటీలున్నాయి. స్ప్రింగ్‌బాక్ అన్న పేరు పుట్టక ముందే నల్లవాళ్ళకి సొంత టోర్నమెంటు ఉందన్నమాట. మండేలా తానే తూర్పు కేప్ మనిషి, హీల్డ్‌టౌన్ మిషన్ స్కూల్లో చదువుకున్నాడు. సినిమాలో ఆయన రగ్బీని పుస్తకంలో పాఠంలా నేర్చుకుంటున్నట్టు కనపడతాడు. ఆయన పుట్టిన ప్రాంతపు నల్ల రగ్బీకి వందేళ్ళు దాటిందన్న సంగతి ప్రేక్షకుడికి తెలియనే తెలియదు. మన దగ్గర కూడా ఇదే జరుగుతుంది. డప్పు మనదే, చెప్పు మనదే, తోలు శుద్ధిచేసే విద్య మనదే. కాని విద్యల చరిత్ర రాసేటప్పుడు మనం 'ఇప్పుడిప్పుడే వస్తున్నవాళ్ళం' అవుతాం.

రెండో అబద్ధం క్రీడా మండలి సీనులో ఉంది. నల్లవాళ్ళ ప్రతినిధులు సమావేశమై స్ప్రింగ్‌బాక్ పేరూ రంగులూ రద్దు చెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. మండేలా హుటాహుటిన వచ్చి, అది ప్రతీకారమనీ మనం అట్లా చెయ్యకూడదనీ నచ్చజెప్పి, స్వల్ప మెజారిటీతో తీర్మానాన్ని తిప్పిస్తాడు. ఈ సీనులో ఆ హాలంతా ఆవేశంతో ఊగిపోయే మూకలాగుంటుంది, ఒక్క మండేలాకే బుర్ర ఉంటుంది. ఆ తీర్మానం వెనక ఏముందో చెప్పి ఉంటే ప్రేక్షకుడు ఎటువైపు ఉండేవాడో!

ఏముంది? 1973లో మొదలైన శాకోస్ అనే క్రీడాసంఘం ఉంది. అసహజమైన సమాజంలో సహజమైన ఆట ఉండదు అన్నది దాని నినాదం. ఆ మాటకి కట్టుబడి, తెల్లబోర్డు చూపించిన ఎరలకి లొంగకుండా, గుంటల మైదానాల్లో ఆడుకుంటూ యవ్వనాలు గడిపేసిన వందలమంది ఆటగాళ్ళున్నారు. 1976లో తెల్లవాడైన చీకీ వాట్సన్ స్ప్రింగ్‌బాక్ అవకాశాన్ని కాదనుకుని పోర్ట్ ఎలిజబెత్ నల్లవాడలో నల్లవాళ్ళ జట్టుతో కలిసి ఆడిన సంగతుంది. అన్నిటికీ మించి 1992 ఆగస్టు 15 ఉంది. బహిష్కరణ ఎత్తేశాక ఎల్లిస్ పార్క్ స్టేడియంలో న్యూజిలాండ్‌తో మొదటి మ్యాచి. దానికి రెండు నెలల ముందే బొయిపటాంగ్‌లో ఊచకోత జరిగింది. హింసలో చచ్చిపోయినవాళ్ళ కోసం మౌనం పాటించండి అంటే, స్టేడియంలో తెల్లజనం పాత జాతీయగీతం ఎత్తుకున్నారు, పాత జెండాలు ఊపారు. ఇదంతా జరిగి మూడేళ్ళయినా కాలేదు! ఆ గుర్తు వద్దన్న మనుషులది ప్రతీకారమా? తమ శవాల మీద పాట పాడినవాళ్ళ చొక్కా తొడుక్కోమంటే వద్దనటం ప్రతీకారమైతే, ఆత్మగౌరవం అనే మాటకి ఇంకో అర్థం వెతుక్కోవాలి. సినిమాలోనే ఒకచోట ఒక నల్లపిల్లాడికి దానం కింద స్ప్రింగ్‌బాక్ చొక్కా ఇస్తుంటే పుచ్చుకోకుండా పారిపోతాడు. ఆ ఒక్క నిమిషం సినిమా నిజం చెప్పింది. తర్వాత దాన్ని సర్దేసింది.

మండేలాని తక్కువచెయ్యటం మా ఉద్దేశం కాదు. సైన్యం, పోలీసు, డబ్బు ఇంకా తెల్లవాళ్ళ చేతుల్లోనే ఉన్న రోజుల్లో ఒక రాజకీయనాయకుడు వేసిన ఎత్తు అది. ఎత్తుగా దాన్ని అర్థం చేసుకోవచ్చు, మెచ్చుకోవచ్చు కూడా. మోర్గన్ ఫ్రీమన్ నటన కూడా ఆ ఎత్తుని దాచలేదు. కాని సినిమా ఆ ఎత్తుని నీతిగా మార్చి మన చేతిలో పెడుతుంది. పీడితుడు క్షమించాలి, పీడకుడు ఆట గెలవాలి, ఇద్దరూ కౌగిలించుకోవాలి.

ఈ సినిమాలో నల్లవాళ్ళెవరో ఒకసారి లెక్కపెడదాం. ప్రెసిడెంటు. ఆయన బాడీగార్డులు. పినార్ ఇంట్లో పనిమనిషి యూనిస్. ఫైనల్ రోజు స్టేడియం బయట ఖాళీ డబ్బాలు ఏరుకునే పిల్లాడు. ఇంకా చెస్టర్ విలియమ్స్. కెప్టెన్ తన దగ్గరున్న టికెట్లలో ఒకటి యూనిస్‌కి ఇస్తాడు. హాల్లో మాతోపాటు చూసినవాళ్ళు ఇక్కడ చప్పట్లు కొట్టారు. ఆమె జీతమెంత, మర్నాడు పొద్దున ఎన్నింటికి పనిలోకి రావాలి అన్నది టికెట్టు మీద రాయరు. ఇక ఆ పిల్లాడు పోలీసు కారు పక్కన తచ్చాడుతూ రేడియోలో కామెంటరీ వింటుంటాడు. మొదట కసురుకున్న పోలీసులే చివర్లో వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటారు. సినిమాకి ఇది ఐక్యత. మాకు మాత్రం వాడి గోనెసంచి కళ్ళముందు నిలిచిపోయింది. దేశం ప్రపంచకప్పు గెలుస్తున్న పూట బడిలోనో ఇంట్లోనో ఉండాల్సిన పిల్లాడు డబ్బాలెందుకు ఏరుతున్నాడని కెమెరా అడగదు. వాణ్ణి భుజం మీంచి దించాక ఏమయ్యాడో చెప్పదు.

సినిమా సంగతి అట్లా ఉంచి, ఆ టోర్నమెంటులో నిజంగా జరిగిన ఒక దృశ్యం చెప్తాం. 1995 జూన్ 17, డర్బన్, ఫ్రాన్స్‌తో సెమీఫైనల్. కుంభవృష్టి. మైదానం చెరువైంది. మ్యాచి జరక్కపోతే, అంతకుముందు మ్యాచిల్లో ఆటగాళ్ళు బయటికి పంపబడ్డ లెక్కల్ని బట్టి ఫైనల్‌కి పోయేది ఫ్రాన్స్. అప్పుడు మైదానంలోకి దిగింది పినారూ కాదు, కవితా కాదు. నల్లజాతి ఆడవాళ్ళు, చేతుల్లో చీపుర్లు. వంగి నీళ్ళు తోడి తోడి ఊడ్చారు. మ్యాచి జరిగింది, 19-15తో దక్షిణాఫ్రికా గెలిచింది. ఆ కప్పు మీద మొదటి చెయ్యి ఆ చీపుర్లు పట్టుకున్నవాళ్ళది. వాళ్ళ పేర్లు ఏ స్కోరుబోర్డు మీదా లేవు. తెల్లారి నాలుగింటికి వీధులూడ్చే మున్సిపల్ కార్మికుల పిల్లలు మన పాఠకుల్లో చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఈ దృశ్యాన్ని మేం విప్పి చెప్పక్కర్లేదు.

పద్నాలుగుమంది పక్కన పదిహేనోవాడు చెస్టర్ విలియమ్స్. పార్ల్ పట్నం దగ్గర పుట్టినవాడు, వింగ్ ఆటగాడు, అంటే మైదానం అంచున వేగంగా పరిగెత్తేవాడు. గాయం వల్ల మొదట జట్టులో లేడు. కెనడా మ్యాచిలో కొట్లాట జరిగి ఒక ఆటగాడు సస్పెండైతే వచ్చాడు. వచ్చీ రాగానే క్వార్టర్‌ఫైనల్లో పశ్చిమ సమోవా మీద నాలుగు ట్రైలు చేశాడు. టోర్నమెంటు మొదలవక ముందే ఎక్కడ చూసినా పోస్టర్ల మీద ఆయన మొహమే, దేశం ఒక్కటైందనటానికి సాక్ష్యంగా. సినిమాలో కూడా అదే పని చేస్తాడు. జట్టు నల్లవాడకి పోతే పిల్లలంతా ఆయన చుట్టూ మూగుతారు. కాని తన గురించి తాను మాట్లాడే సీను ఒక్కటి లేదు. ఆయనకి మాటల్లేకనా? 2002లోనే ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చింది. జట్టులోనే కొందరు తనని జాతి పేరుతో తిట్టారనీ, పూర్తిగా తమవాడిగా చూడలేదనీ అందులో చెప్పాడు. సినిమా వచ్చింది దానికి ఏడేళ్ళ తర్వాత. సినిమాలో నటులకి రగ్బీ నేర్పటానికి ఆయన్ని పిలిచారు. శరీరం కావాలి, వేగం కావాలి, నేర్పు కావాలి. ఆయన చెప్పింది మాత్రం అక్కర్లేదు. చెస్టర్ 2019లో నలభైతొమ్మిదేళ్ళకే చనిపోయాడు.

వింగ్ దగ్గర కొంచెం ఆగాలి. దక్షిణాఫ్రికా జట్టులో చాలాకాలం నల్ల ఆటగాళ్ళు ఎక్కువగా కనపడింది ఈ అంచు స్థానాల్లోనే. 2007లో ప్రపంచకప్పు మళ్ళీ గెలిచిన ఫైనల్లో మొదటి పదిహేనులో ఉన్న ఇద్దరు నల్లవాళ్ళు, బ్రయాన్ హబానా, పీటర్సన్, ఇద్దరూ వింగులే. ఆట నడిపే స్థానం, ఎప్పుడు తన్నాలి ఎప్పుడు పరిగెత్తాలి అని నిర్ణయించే స్థానం, ఎక్కువగా తెల్లవాడిది. టోబయాస్ 1984లో ఇంగ్లండు మీద ఆ స్థానంలో ఆడి చూపించాడు, అయినా దారి తెరుచుకోలేదు. వేగం నల్లవాడిది, ఆలోచన తెల్లవాడిది అన్న పంపకం ఇది. సామాజిక శాస్త్రాల్లో అనుభవం శూద్రులదీ దళితులదీ, సిద్ధాంతం బ్రాహ్మణులదీ అయిపోయిన తీరు మీద గోపాల్ గురు 2002లో రాసిన వ్యాసం చదివినవాళ్ళకి ఈ పంపకం కొత్తగా ఉండదు. సెమినార్లో మనల్ని పిలిచేది అనుభవం చెప్పమని. మనం చెప్తాం, వాళ్ళు నోట్సు రాసుకుంటారు. బంతి అందుకుని అంచున పరిగెత్తటం మన వంతు, ఎటు పరిగెత్తాలో వాళ్ళు చెప్తారు.

ఇక గెలుపు తర్వాత. ఐక్యత వచ్చేసిందన్నారు గదా, ఆ జట్టు లోపల ఎట్లా ఉందో చూద్దాం. 2003 ప్రపంచకప్పుకి ముందు ఒక తెల్ల ఆటగాడు కలర్డ్ ఆటగాడితో గది పంచుకోనన్నాడని గొడవై జట్టులోంచి పోయాడు. వర్ణవివక్ష పాలన పోయి తొమ్మిదేళ్ళయింది, గది మాత్రం ఒప్పుకోలేదు. చట్టంలో అంటరానితనం రద్దయినా హోటల్లో రెండో గ్లాసు పోకపోవటం చూసినవాళ్ళం, మనకి ఇందులో వింతేముంది! అదే ఏడు జట్టుని గట్టిపరుస్తామని పోలీసు శిబిరానికి తీసుకుపోయి, రాత్రిపూట బట్టలిప్పించి చలినీళ్ళలో నిలబెట్టారు. ఆ శిబిరం ఫొటోలు బయటికొచ్చి దేశమంతా తలదించుకుంది. ఆ ప్రపంచకప్పులో క్వార్టర్‌ఫైనల్లోనే ఇంటికొచ్చారు. కోచ్ తెల్లవాడు, కెప్టెన్ తెల్లవాడు. ఈ పతనానికి కారణం కోటా అని ఎవరూ అనలేదు.

2008లో మొదటిసారి నల్ల కోచ్ వచ్చాడు, పీటర్ డివిలియర్స్. ఆయన్ని నియమించిన రోజే రగ్బీ సంఘం అధ్యక్షుడు, నిజాయితీగా చెప్తున్నా, ఈ నియామకంలో రగ్బీ కారణాలొక్కటే చూడలేదు అన్న అర్థం వచ్చే మాటన్నాడు. పెళ్ళికొడుకుని పీటల మీద కూర్చోబెట్టి వీడికి ఉద్యోగం లేదని మైకులో చెప్పినట్టుంది. 1906 నుంచీ అప్పటిదాకా తెల్ల కోచ్‌లనీ కెప్టెన్లనీ వేసినప్పుడు రంగు కారణం చూశామని ఎవరైనా ప్రకటించారా? అప్పుడు చూసింది రంగొక్కటే కాబట్టి చెప్పాల్సిన పని పడలేదు. ఆ డివిలియర్స్ జట్టే 2009లో బ్రిటిష్ లయన్స్‌ని సిరీస్‌లో ఓడించింది, అదే ఏడు న్యూజిలాండ్‌ని మూడుసార్లు ఓడించింది. ఐనా ఆయన మాటతీరు మీద వేసిన జోకులే జనానికి గుర్తున్నాయి.

2015 సెప్టెంబర్ 19న ఇంగ్లండులోని బ్రైటన్‌లో జపాన్ చేతిలో 34-32తో ఓడిపోయారు. రగ్బీ చరిత్రలో అంతకన్నా పెద్ద అవమానం ఆ జట్టుకి లేదు. కోచ్ తెల్లవాడు, కెప్టెన్ తెల్లవాడు, జట్టులో ఎక్కువమంది తెల్లవాళ్ళు. 2011లో రిటైరై మళ్ళీ తిరిగొచ్చిన ముప్పైఎనిమిదేళ్ళ ఆటగాడు కూడా ఉన్నాడు. దీన్ని అనుభవానికి పెద్దపీట వెయ్యటం అన్నారు. ఓడాక కూడా పొరపాటు అన్నారే గాని తెల్లకోటా అనలేదు.

ఆ తర్వాత ఆ ఇంటి తాళాలు అలిస్టర్ కుట్సియాకి ఇచ్చారు, ఇంటికి నిప్పంటుకున్నాక. కలర్డ్ సమాజంలోంచి వచ్చిన కోచ్. 2016 ఏప్రిల్లో ఆలస్యంగా నియమించారు. ఆ నెల్లోనే క్రీడల మంత్రి, మార్పు లక్ష్యాలు చేరలేదని రగ్బీ సంఘం ప్రపంచస్థాయి పోటీలకి ఆతిథ్యం అడక్కుండా నిషేధం పెట్టాడు. సీనియర్ ఆటగాళ్ళు ఎక్కువ డబ్బు కోసం ఫ్రాన్స్, జపాన్ పోయారు. కెప్టెన్ సీజను మధ్యలోనే రిటైరవుతానన్నాడు. డర్బన్‌లో న్యూజిలాండ్ చేతిలో 57-15, చరిత్రలో మొదటిసారి ఇటలీ చేతిలో ఓటమి, 2017లో మళ్ళీ న్యూజిలాండ్ చేతిలో 57-0. రెండేళ్ళలో ఇరవయ్యైదు టెస్టులాడి పదకొండే గెలిచారు. ఇప్పుడు మాత్రం అందరికీ కారణం దొరికింది. కోటా! పదవి పోయేముందు ఆయన సంఘానికి పంతొమ్మిది పేజీల ఉత్తరం రాశాడు, నన్ను అలంకారానికి కూర్చోబెట్టారు, ఓడటానికే పెట్టారు అని. ఆయన కోచింగులో లోపాల్లేవని మేం అనం, సెలక్షన్లో తడబాటు కొట్టొచ్చినట్టు కనపడింది. కాని ఆయన తర్వాత వచ్చిన రాసీ ఎరాస్మస్‌కి ఏం దొరికిందో పక్కన పెట్టి చూడండి. ఆరేళ్ళ కాంట్రాక్టు. మొత్తం రగ్బీ డైరెక్టర్ పదవీ కోచ్ పదవీ రెండూ. విదేశాల్లో ఆడేవాళ్ళని తీసుకోవాలంటే ముప్పై టెస్టుల అనుభవం ఉండాలని కుట్సియా కాలంలో పెట్టిన నిబంధన తర్వాత పోయింది. ఒకడికి వంటగది ఒక్కటే ఇచ్చి కట్టెలివ్వలేదు, ఇంకొకడికి ఇల్లంతా ఇచ్చారు. ఆ తర్వాత ఎవరి వంట రుచిగా ఉందని పోటీ పెట్టారు.

ఎరాస్మస్ ఆ ఇంటిని బాగా వాడుకున్నాడు, అది ఒప్పుకోవాలి. 2018 జూన్ 9న ఇంగ్లండు మ్యాచికి సియా కొలిసిని కెప్టెన్ని చేశాడు, స్ప్రింగ్‌బాక్ టెస్టు జట్టుకి మొదటి నల్ల కెప్టెన్. దానికి సరిగ్గా మూడు వారాల ముందు టీవీలో ఒక సంగతి జరిగింది. 2007 ప్రపంచకప్పు జట్టులో ఉన్న అష్విన్ విలెంసి, కలర్డ్ ఆటగాడు, లైవ్ కార్యక్రమంలో, నన్ను చాలాకాలం కోటా ఆటగాడన్నారు, ఇక్కడ కూడా చిన్నచూపు భరించను అని లేచి బయటికి నడిచాడు. జాతివివక్ష జరిగినట్టు తేలలేదని తర్వాత విచారణ చెప్పింది. తేలటమంటే ఏమిటో, ఇంటర్వ్యూ బోర్డుల ముందు కూర్చుని వచ్చిన మా తరానికి బాగా తెలుసు.

2019 నవంబర్ 2న యొకొహామాలో ఇంగ్లండు మీద 32-12తో కప్పు గెలిచారు. మొదటి పదిహేనులో ఆరుగురు నల్లవాళ్ళు. 1995లో, 2007లో ఫైనల్ గెలిచినప్పుడు దక్షిణాఫ్రికా ఒక్క ట్రై కూడా చెయ్యలేదు, అన్నీ తన్నిన పాయింట్లే. ఈసారి రెండు ట్రైలు, ఒకటి మాపింపిది, ఇంకోటి కోల్బెది. ఇద్దరూ నల్లవాళ్ళే. కోటా వల్ల జట్టు చచ్చిపోయిందన్నవాళ్ళు ఆ రాత్రి కోటా వల్ల గెలిచిందన్నారా? లేదు. దేశం గెలిచింది, ఐక్యత గెలిచింది, మండేలా కల గెలిచింది. ఓటమికి రంగుంటుంది, గెలుపుకి రంగుండదు!

ఇక్కడొక చిక్కు ఉంది, దాన్ని దాటేసి పోవటం మాకిష్టం లేదు. అదే కొలిసి 2019 మొదట్లో ఒక జపాన్ వార్తాసంస్థతో మాట్లాడుతూ, మండేలా ఉంటే కోటాల్ని సమర్థించేవాడు కాదనీ, రంగు చూసి తనని ఎంపిక చెయ్యటం తనకిష్టం లేదనీ అన్నాడు. ఎగిరి గంతేశారు మెరిట్‌వాదులు. చూశారా, మీవాడే అంటున్నాడు! కాని ఆ ఇంటర్వ్యూలోనే ఇంకోమాట కూడా అన్నాడు. ఇంగ్లీషు స్కూలుకి పోకపోయి ఉంటే సరిగ్గా తినేవాణ్ణి కాదు, సరిగ్గా ఎదిగేవాణ్ణి కాదు అని. రెండో మాట మొదటి మాటకి జవాబు. కొలిసిది పోర్ట్ ఎలిజబెత్ పక్కన జ్వీడె అనే నల్లవాడ. నాయనమ్మ దగ్గర ఆకలితో పెరిగాడు. పన్నెండేళ్ళప్పుడు గ్రే అనే పేరుమోసిన స్కూల్లో స్కాలర్‌షిప్పు దొరికింది. సెలక్షన్ అయిపోయింది అక్కడే. కెప్టెన్ని ఎన్నుకున్న బల్ల దగ్గర కాదు, స్కూలు మెస్సులో అన్నం గిన్నె దగ్గర. స్ప్రింగ్‌బాక్‌లని తయారుచేసే స్కూళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటి పచ్చికే మెరిట్, వాటి మెస్సే మెరిట్. పదిహేనుమందిలో ఎందరు నల్లవాళ్ళని లెక్కపెట్టే కోటా చివరి మెట్టు మీద పెట్టిన కోటా. దాన్ని విమర్శించొచ్చు. కాని మొదటి మెట్టు గురించి నోరెత్తనివాడికి ఆ హక్కు లేదు.

ఇంకోటి. ఆ స్కూలు కొలిసిని సృష్టించలేదు. జ్వీడెలోనే ఆఫ్రికన్ బాంబర్స్ అనే నల్లవాళ్ళ క్లబ్బుంది. కొలిసి బంతి పట్టుకోవటం నేర్చింది అక్కడ. అదే వాడలో డాన్ కెకె పేరుమీద ఉన్న స్టేడియం, వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్ళు తమ శ్రమతో నిలబెట్టుకున్నది. సినిమా మొదటి సీనులో రోడ్డుకి రెండోవైపు లేదని చూపించిన రగ్బీ ఇదే.

మనవాడనుకున్నవాడు మన మాట అనకపోవటం మనకీ కొత్తేం కాదు. పల్వంకర్ బాలూ, చమార్ కులంలో పుట్టినవాడు, పూనాలో తెల్లదొరల మైదానం ఊడ్చి, రోలరు లాగి, వాళ్ళకి బంతులు విసిరి విసిరి దేశంలోనే గొప్ప స్పిన్నరయ్యాడు. హిందూ జట్టుకి ఆయన బౌలింగు కావాలి, కాని టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండు టూరులో వందకి పైగా వికెట్లు తీశాడు. కెప్టెన్సీ మాత్రం రాలేదు. 1920లో అన్నకి జరిగిన అవమానానికి నిరసనగా తమ్ముళ్ళు విఠల్, శివరామ్ జట్టులోంచి తప్పుకున్నారు. ఆ ఒత్తిడే 1923లో విఠల్‌ని కెప్టెన్ని చేసింది. అంబేద్కర్ యువకుడిగా ఉన్నప్పుడు గర్వంగా చెప్పుకున్న మనిషి బాలూ. అదే బాలూ 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ టికెట్ మీద అంబేద్కర్ మీద పోటీచేసి ఓడిపోయాడు. అంతమాత్రాన బాలూ బంతి తిరగటం మానలేదు, మట్టి ముంత అబద్ధం కాలేదు. కొలిసి మాటల్ని కూడా మేం అట్లాగే చూస్తాం. తిట్టక్కర్లేదు, తల మీద పెట్టుకోనక్కర్లేదు.

మన దేశం 1974లో దక్షిణాఫ్రికాతో డేవిస్ కప్పు ఫైనల్ ఆడనని కప్పే వదులుకుంది. మెచ్చుకోవాల్సిన పని. ఇరవయ్యేడేళ్ళ తర్వాత, 2001లో, ఆ చీపుర్ల సెమీఫైనల్ జరిగిన డర్బన్‌లోనే జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. కులాన్ని కూడా చర్చకి పెట్టమని మనవాళ్ళు పోతే, అది మా ఇంటి సంగతి అని అడ్డుపడింది ఈ దేశమే. 'ఇన్‌విక్టస్' చూసి కళ్ళు తుడుచుకునే మన పెద్దమనుషులకి ఈ రెండు తేదీలూ కలిపి చెప్పాలి.

సినిమాని వెయ్యొద్దని మేం అనటం లేదు. ఇది చదివే టీచర్లు కాలేజీలో వేసేటట్టయితే, ముందు 1995 జూన్ 17 నాటి డర్బన్ దృశ్యాలు ఒక రెండు నిమిషాలు చూపించండి, చీపుర్లు పట్టుకుని నీళ్ళు తోడుతున్న ఆ ఆడవాళ్ళవి. తర్వాత సినిమా వెయ్యండి. అయిపోయాక ఉపన్యాసం ఇవ్వకుండా పిల్లల్నే మాట్లాడనివ్వండి, వెనక బెంచీల నుంచి మొదలుపెట్టి.